నాటు కొత్తిమీర కావాలంటే గింజ దాచాలి

రైతుబజారులో కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు అడిగే మాట ఒకటే. "నాటుదేనా అమ్మా?" అవతలి నుంచి వచ్చే జవాబూ ఒకటే. "నాటుదే సార్, వాసన చూసుకోండి." ఆకు వెడల్పుగా నిగనిగలాడుతూ, కాడ పొడుగ్గా ఉంటే హైబ్రిడ్ అనీ, ఆకు చిన్నదై, కాడ పొట్టిదై, వేళ్లకు మట్టి అంటుకుని, సంచిలో వేసిన కాసేపటికే వాసన బయటికొస్తే నాటు అనీ జనం లెక్క. నాటు కట్టకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడానికి చాలామందికి అభ్యంతరం లేదు. అయితే ఆ నాటు విత్తనం ఎవరి దగ్గర మిగిలి ఉంది, ఎలా మిగిలింది అని మాత్రం ఎవరూ అడగరు.

అది మిగలడానికి కారణం ఉంది. ఊరి చివర బావి కింద అరెకరం ఆకుకూరలు వేసే రైతు ఒకరు, ఏటా ఓ మడిని కోయకుండా వదిలేస్తారు. ఆకు కట్టలు కట్టి అమ్మితే ఆ పూటే చేతికి వచ్చే డబ్బును వదులుకుని, మొక్కను పూతకొచ్చి గింజ కట్టేదాకా నిలబెడతారు. ఎండాక పీకి, దులిపి, చెరిగి, మూటకట్టి దాస్తారు. ఈ పని చేసే చేతులు ఏటేటా తగ్గుతున్నాయి. విత్తనం కొట్లో దొరుకుతున్నప్పుడు మడిని ఎందుకు ఖాళీగా ఉంచాలన్న లెక్క రైతుది. ఆయన్ని తప్పుపట్టలేం. పూటకూలి లెక్కలో బతికే మనిషి మీద పాత వంగడాలను కాపాడే బరువు కూడా వేయడం అన్యాయం. ఆ బరువు ఇప్పుడు మోయాల్సింది మేడ మీద కుండీలు పెట్టుకున్న ఇంటివాళ్లు.

దేశానికి విత్తన భాండాగారమని తెలంగాణ తనను తాను చెప్పుకుంటుంది. మాటలో నిజముంది. వరి, మొక్కజొన్న, జొన్న విత్తనాలు ఇక్కడి పల్లెల్లో పండి దేశం నలుమూలలకూ వెళతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధిలో ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన మెట్టపంటల విత్తనాలు చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. అలాంటి చోట, నాలుగు గ్రో బ్యాగులు పెట్టుకున్న గృహస్థు మెంతికూర కోసం రంగుల పొట్లం కొని తెచ్చుకుంటున్నాడు. మెంతులు పోపుల డబ్బాలోనే ఉన్నాయి!

మిద్దెతోటల ఊపు మంచిదే. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు తమ ఇంటి డాబా మీద కూరగాయలు పండించి చూపించి, ఆ మాటను ఇంటింటికీ చేర్చారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ఆదివారం వచ్చిందంటే మట్టి, ఎరువు, వేపపిండి గురించి మాట్లాడుకునే జనం పెరిగారు. కానీ ఈ తోటల్లో చాలావాటికి ఒక లోటు ఉంది. అవి ప్రతి సీజన్‌లోనూ సున్నా నుంచి మొదలవుతాయి. కంపోస్టు ఇంట్లోనే తయారుచేసుకునేవాళ్లు, వంటింటి నీళ్లను కూడా వృథా పోనివ్వనివాళ్లు, విత్తనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి జేబులోకి పోనిస్తారు.

పొట్లం ధర పెద్దదేమీ కాదు. అందుకే పొదుపు పేరు చెప్పి ఇంటి విత్తనాన్ని సమర్థించడం దండగ. అసలు సంగతి ఎంపికది. ఏ మొక్క బతకాలి, ఏ మొక్క గింజ వచ్చే ఏడాదికి పోవాలి అన్నది ఎవరో ఒకరు తేలుస్తూనే ఉంటారు. విత్తనాల వ్యాపారి తేలిస్తే ఆయన అవసరాల ప్రకారం తేలుతుంది: దూరం రవాణా చేసినా వాడని ఆకు, ఒకే ఎత్తున పెరిగే మడి, ఒకేసారి కోతకొచ్చే పంట. కంపెనీ చేసేది మోసం అనడానికి లేదు, పెద్ద రైతుకు అవే కావాలి. కానీ రోట్లో పచ్చడి నూరుకునే ఇంటికి కావలసింది వేరే. ఘాటు కావాలి, ఒకేసారి కాకుండా నెలంతా పిడికెడు పిడికెడు కోసుకునే వీలు కావాలి, ఫలానా ఊరి ఎండకు, ఫలానా బోరు నీళ్ల ఉప్పదనానికి తట్టుకునే మొండితనం కావాలి. వీటిని ఏ పొట్లమూ హామీ ఇవ్వదు. అదే మడిలో అయిదారేళ్లు తిరిగి తిరిగి వేసిన విత్తనం నెమ్మదిగా ఆ గుణాల వైపు మొగ్గుతుంది, ఏరే మనిషికి కన్ను ఉంటే.

ఆ కన్ను లేకపోతే పని బెడిసికొడుతుంది. వంటింటి అలవాటు ప్రకారం బాగా ఆకు తొడిగిన మొక్క ముందుగా కత్తిపీటకు పోతుంది. పీలగా ఉండి, అందరికన్నా ముందే పూత వేసినదాన్ని 'దీనికి ఆకెక్కడుందిలే' అని మడిలో వదిలేస్తారు. గింజ దాని నుంచే వస్తుంది. వచ్చే ఏడు ఆ గింజ చల్లితే మడంతా నెల తిరక్కుండానే పూతకొస్తుంది. అప్పుడు "ఇంటి విత్తనం పనికిరాదండీ" అంటారు. విత్తనం ఏ పాపమూ ఎరగదు. తొందరగా ముదిరే గుణాన్ని ఏరి మరీ దాచింది ఆ ఇంటివాళ్లే. చెయ్యాల్సింది దీనికి తిరగేసి. మడిలో అన్నిటికన్నా ఆలస్యంగా పూతకొచ్చి, ఆకు దండిగా ఇచ్చి, తెగులు సోకకుండా నిలబడిన మొక్కలకు ముందే రంగు దారం కట్టి, "వీటి జోలికి రాకండి" అని ఇంట్లో చాటింపు వేయాలి. బాగున్నదాన్ని తినకుండా వదలడం కష్టమే. పాతకాలపు ఇళ్లలో పెద్దావిడ విత్తనపు బీరకాయకు గుడ్డపీలిక కట్టి, అటు వెళ్లే పిల్లల్ని అదిలించింది ఇందుకే.

కిరాణా కొట్టు ధనియాలు చల్లితే మొలకెత్తవా అంటే, ఎత్తుతాయి. మన పోపుల డబ్బాలోకి వచ్చే ధనియాల్లో ఎక్కువ భాగం రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్‌లలో పండుతాయి. రాజస్థాన్‌లోని రామ్‌గంజ్ మండీ దేశంలోని పెద్ద ధనియాల మార్కెట్లలో ఒకటి. ఆంధ్రలోనూ కర్నూలు, ప్రకాశం వైపు నల్లరేగళ్లలో, నేలలో మిగిలిన తేమతోనే ధనియాలు పండిస్తారు. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం నుంచి సింధు, సాధన, స్వాతి, సుధ వంటి రకాలు వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా గింజ కోసం. గింజ కోసం పెంచే రకం త్వరగా పూతకు రావాలి, ఆకు కోసం పెంచేది వీలైనంత ఆలస్యం చేయాలి. అందుకే కిరాణా ధనియాలతో మొదలుపెట్టినవాళ్లు ఒకటి రెండు కోతలకే మొక్క నిట్టనిలువుగా లేచి పూయడం చూసి నిరాశపడతారు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క ఇషా లాంటివి మళ్లీమళ్లీ కోసుకోవడానికి పనికొస్తాయి. మొదటి గింజ ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. రెండో ఏడు నుంచి అది ఇంటిదే కావాలన్నది వాదన.

కొత్తిమీర విత్తనం తీయడం తెలుసుకోవాలంటే ఒక్క శీతాకాలం చాలు. దసరాకూ దీపావళికీ మధ్య చల్లిన మడి సంక్రాంతి నాటికి పూతలో ఉంటుంది. గుత్తులు గుత్తులుగా సన్నటి తెల్లపూలు, వాటి చుట్టూ పొద్దున్నుంచీ తేనెటీగలు. ఈ రోజుల్లో మడి మీద ఏ పురుగుమందూ, వేప కషాయం కూడా చల్లకపోవడం మంచిది. పేనుబంక పట్టిందా, నీటి పిచికారీ గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది. పూత పోయి ఆకుపచ్చటి గుండ్రటి కాయలు వస్తాయి. ఆ కాయను నలిపి చూస్తే నల్లిని చిదిమిన కంపు, ముక్కు చిట్లించుకోవాలి. రెండు మూడు వారాలు గడిచి కాయ గోధుమ రంగుకు తిరుగుతుంటే అదే కాయ నుంచి తియ్యటి ధనియాల పరిమళం వస్తుంది. పచ్చికాయలో ఉండే ఆల్డిహైడ్లు తగ్గి, లినలూల్ అనే సుగంధ తైలం పైచేయి అవడం వల్ల ఈ మార్పు. పంచాంగం చూడనక్కర్లేదు, ముక్కే చెబుతుంది కోతకు రమ్మని.

గుత్తిలో సగానికి పైగా కాయలు గోధుమ రంగుకు తిరిగాక మొక్కను మొదలంటా కోసి, తలకిందులుగా కాగితపు సంచిలోకి దూర్చి నీడలో వేలాడదీయాలి. అన్నీ ఎండేదాకా మడిలోనే ఉంచితే మొదటి కాయలు రాలిపోతాయి. ఆ మొదటి పూగుత్తి కాయలే అన్నిటికన్నా బలమైనవి. వారం, పది రోజుల తర్వాత సంచిని నాలుగుసార్లు తడితే గింజ అడుగుకు దిగుతుంది. చేటలో పోసి చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. చేట లేని ఇంట్లో టేబుల్ ఫ్యాన్ ఆ పని చేస్తుంది.

విత్తేటప్పుడు ఇంకో సంగతి. మనం ధనియం అని ఒక్కటిగా అనేది నిజానికి రెండు గింజల జంట. అట్టముక్కల మధ్య పోసి చెప్పుకాలితో మెల్లగా రుద్దితే రెండు బద్దలవుతుంది. అలా బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి వేస్తే మొలక సమంగా వస్తుంది. గట్టిగా తొక్కితే మాత్రం గింజ పొడి అయిపోయి చారుకు తప్ప దేనికీ కొరగాదు. వేశాక ఎనిమిది నుంచి పదిహేను రోజుల ఓపిక కావాలి. నాలుగో రోజే మట్టి గెలికి చూసేవాళ్ల మడిలో కొత్తిమీర రాదు.

కొత్తిమీర, తోటకూర, పాలకూర లాంటివాటిలో ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరుతుంది. కొత్తిమీరకు ఆ పని తేనెటీగలు చేస్తే, తోటకూర, పాలకూరలకు గాలే చేసిపెడుతుంది. ఎర్ర తోటకూర, పచ్చ తోటకూర పక్కపక్కనే వేసి రెంటి గింజా తీస్తే వచ్చే ఏడు రెండూ కాని రంగులు మొలవచ్చు. దానివల్ల పప్పు పాడవదు కాబట్టి కంగారుపడాల్సిందేమీ లేదు. ఒకే రకం కావాలనుకునేవాళ్లు ఒక ఏడు ఒకటి, మరో ఏడు మరొకటి గింజకు వదిలితే సరి. ఇలాంటి మొక్కల్లో గింజ ఒక్క మొక్క నుంచే ఏళ్ల తరబడి తీస్తే తరం తరానికీ సత్తువ తగ్గుతుంది, పది పదిహేను మొక్కలైనా వదలాలి. డాబా మీద చోటు లేదా, అయిదారు ఇళ్లవాళ్లు తలా కొన్ని వదిలి గింజలు కలుపుకోవచ్చు. అందువల్ల విత్తనం దాచడం ఒంటరిగా చేసే పని కాదు, ఇరుగూ పొరుగూ ఉండాలి.

మెంతి ఇందుకు భిన్నం. పువ్వు తనలో తానే ఫలదీకరణ చేసుకుంటుంది కాబట్టి రకం మారదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా సులువైనది లేదు.

గోంగూర కూడా దాదాపు అంతే. తెలంగాణలో పుంటికూర అనే ఈ మొక్కకు పగటి పొద్దు లెక్క తెలుసు. తొలకరికి వేసినా, శ్రావణంలో వేసినా, పగలు తగ్గి రాత్రి పెరిగే దాకా పూయదు. దసరా దాటాక లేత పసుపు రేకలు, నడుమ ముదురు ఎరుపు గుండె ఉన్న పువ్వులు విచ్చుకుంటాయి. ఒక్కరోజు పువ్వు. తర్వాత కాయ. ఎండిన కాయ మీది సన్నటి నూగు చేతికి గుచ్చుకుని గంటల తరబడి దురద పెడుతుంది, మందపాటి గుడ్డ చేతికి చుట్టుకోకుండా ముట్టుకోకూడదు. కాయ అయిదు చెక్కలుగా పగిలితే లోపల మూత్రపిండం ఆకారంలో బూడిదరంగు గింజలు. ఎర్ర కాడ, తెల్ల కాడ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నా ఎక్కువగా కలిసిపోవు. ఒక్క కుండీ గోంగూర గింజకు వదిలితే వీధి మొత్తానికి పంచవచ్చు.

ఈ పగటి పొద్దు లెక్కే అమెరికాలోని తెలుగువాళ్లను ఏడిపిస్తుంది. న్యూజెర్సీ పెరట్లో ఎండాకాలమంతా గోంగూర ఏపుగా పెరుగుతుంది, పచ్చడికి లోటుండదు. అక్కడ పగటి పొద్దు తగ్గి మొక్కకు పూత వేళ అయ్యేసరికి మంచు కురిసే కాలం వచ్చేస్తుంది. గింజ ముదరకుండానే మొక్క చస్తుంది. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు మంచు ఆలస్యం కాబట్టి గింజ చేతికొస్తుంది. చలి రాష్ట్రాలవాళ్లకు అక్కడి నుంచి తెప్పించుకునే స్నేహం ఒక్కటే దారి, లేదంటే కుండీని ఇంట్లోకి మార్చి రాత్రిళ్లు చీకట్లో ఉంచాలి. ఇండియా నుంచి వచ్చే అత్తగారి సూట్‌కేసులో చీరల మడతల్లో పొట్లం దాచి తెప్పించుకోవడం ఉందే, అది మానుకోవాల్సిన అలవాటు. అమెరికాలో అయినా ఆస్ట్రేలియాలో అయినా అనుమతి పత్రం లేని విత్తనం సరిహద్దు దాటకూడదు. ఇది అధికారుల చాదస్తం అనుకుంటే పొరపాటు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మొక్క మీద కూడా బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో కరివేపాకు మొక్కను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడం మీద ఆంక్షలున్నాయి.

కరివేపాకు ప్రస్తావన వచ్చింది కాబట్టి, దాచకూడని విత్తనాల గురించి కూడా చెప్పాలి. నల్లగా పండిన కరివేప పండు గింజను ఎండబెట్టి సీసాలో దాచితే అది చచ్చిపోతుంది. గుజ్జు కడిగి వెంటనే మట్టిలో పెట్టాలి, వారాలు గడిచేకొద్దీ మొలిచే శక్తి పోతుంది. అంతకన్నా తల్లి చెట్టు చుట్టూ వేళ్ల మీంచి లేచే పిలకను తవ్వి తెచ్చుకోవడం తేలిక. పుదీనాకు విత్తనం మాటే ఎత్తకూడదు. గింజ నుంచి వచ్చే పుదీనా తల్లి వాసన తెస్తుందన్న నమ్మకం లేదు. పెప్పర్‌మింట్ అయితే రెండు జాతుల సంకరం, అసలు మొలిచే గింజే ఇవ్వదు. ఆన్‌లైన్‌లో పుదీనా విత్తనాల పొట్లాలు కొనేవాళ్లు కూరగాయల బండి మీది కట్టలో నుంచి ముదురు కాడ నాలుగు తీసి నీళ్ల గ్లాసులో పెడితే సరిపోతుంది. వామాకు కూడా కొమ్మ గుచ్చితేనే, దాని పేరు చూసి వాము గింజలు చల్లితే వచ్చే మొక్క వేరే.

తులసి విషయంలో ఇళ్లలో తెలియకుండానే విత్తన సంప్రదాయం నడుస్తోంది. వెన్ను తుంచకపోతే మొక్క త్వరగా ముసలిదవుతుందని పెద్దవాళ్లు ఎప్పటికప్పుడు తుంచేస్తారు. తుంచిన ఎండు వెన్నును కోట మొదట్లోనే నలిపి వేస్తారు. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశి పూజ అందుకున్న మొక్క చలికి వాడిపోయినా, దాని పాదులో పిల్ల మొక్కలు లేచి ఉంటాయి. ఇంటి తులసి తరతరాలుగా అదే అని చెప్పుకునే ఇళ్లున్నాయి, ఆ మాట చాలావరకు నిజమే అయి ఉంటుంది. ఒక మొక్కకు భక్తితో చేస్తున్నదాన్ని మరో పది మొక్కలకు ఆకలితో చేయలేమా?

ఇక దాచడం. ఈజిప్టు రాజు టుటంఖామన్ సమాధిలో ధనియాలు దొరికాయి. అంతకాలం మొలిచే శక్తి నిలవడం వాటి వల్ల కాదు. కానీ ఇజ్రాయెల్‌లోని మసాడా కోట శిథిలాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజ 2005లో మొలిచి చెట్టయింది. దాన్ని కాపాడినది ఆ ఎడారి పొడితనం. విత్తనానికి శత్రువులు తేమ, వేడి. విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన బండలెక్క ఒకటుంది. గింజలో తేమ 1 శాతం తగ్గితే దాని ఆయువు రెట్టింపవుతుంది, దాచిన చోటి వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపవుతుంది. కాకినాడ, విశాఖల ఉప్పుగాలిలో వంటింటి గట్టు మీద పెట్టిన పొట్లం అనంతపురంలో పెట్టిన పొట్లంలా నిలవకపోవడానికి కారణం ఇదే.

పాత ఇళ్లు ఈ సూత్రాన్ని పేరు తెలియకుండానే పాటించాయి. జల్లించిన బూడిద కలిపి కుండలో పోసి మూతికి మట్టి పూయడం, ఎండిన సొరకాయ బుర్రలో గింజలు నింపడం, వేపాకు వరస పెట్టడం. బూడిద తేమ పీలుస్తుంది, పురుగు ఒంటిని గీరి చంపుతుంది. ఇప్పటి ఇళ్లకు బిగుతు మూత గాజుసీసా, అందులో మందుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు, ఫ్రిజ్‌లో ఓ మూల చాలు. పూర్తిగా ఎండని గింజను ఫ్రిజ్‌లో పెడితే బూజు పడుతుంది. పంటి కింద టక్కున విరిగితే ఎండినట్టు, నొక్కుకుపోతే ఇంకా రెండు రోజులు నీడపట్టున ఆరబెట్టాలి. సీసా మీద రకం, నెల, సంవత్సరం రాసి అతికించడం బద్ధకిస్తే ఏడాది తిరిగేసరికి తోటకూర గింజలేవో, గునుగు గింజలేవో ఎవరికీ తెలియదు. విత్తే ముందు తడిగుడ్డలో 20 గింజలు మూటకట్టి చూసుకోవాలి. 14 మొలిచాయా, సరే. పది లోపే మొలిస్తే రెట్టింపు చల్లాలి.

ఇంటి విత్తనం మీద వ్యవసాయ అధికారులకు అభ్యంతరాలున్నాయి, వాటిని తేలిగ్గా తీసిపారేయలేం. కొన్ని తెగుళ్లు గింజ వెంటే వస్తాయి. పొట్లం మీద మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, లాట్ నంబరు ఉంటాయి, 1966 విత్తన చట్టం ప్రకారం ఉండాలి. ఇంటి సీసా మీద అవేవీ ఉండవు. తెగులు సోకిన మొక్క గింజను దాచకపోవడం, తడిగుడ్డ పరీక్ష చేయడం ఈ అభ్యంతరాలకు జవాబు. అదే సమయంలో, కొన్న పొట్లంలో గులాబీ, నీలి రంగు పూసిన గింజలుంటే అవి శిలీంధ్రనాశక మందు పట్టించినవని పిల్లలున్న ఇంట్లో ఎందరికి తెలుసు?

చట్టం సంగతికొస్తే, మన దేశంలో విత్తనం దాచుకోవడం నేరం కాకపోగా హక్కు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చని, విత్తుకోవచ్చని, మార్చుకోవచ్చని, పంచుకోవచ్చని, అమ్ముకోవచ్చని కూడా చెబుతుంది. ఒక్కటే షరతు: రక్షణ పొందిన రకాన్ని దాని బ్రాండ్ పేరుతో పొట్లం కట్టి అమ్మకూడదు. 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద పెప్సికో వేసిన కేసుల్లో గొడవంతా ఈ సెక్షన్ చుట్టూనే తిరిగింది, చివరకు ఆ ఏడాదే కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది. కుండీల్లో పండిన గోంగూర గింజలు పక్కింటికి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ పని పెద్ద ఎత్తున ఎలా జరుగుతుందో చూడాలంటే జహీరాబాద్ పోవాలి. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. జొన్న, కొర్ర, సామ, కంది, అవిసె, ఇలా పదుల రకాల విత్తనాలను పేడతో అలికిన బుట్టల్లో, వేపాకు, బూడిదలతో దాస్తారు. ఒకరికి విత్తనం కావాలంటే సంఘం నుంచి తీసుకుని, పంట వచ్చాక తీసుకున్నదానికి కొంత కలిపి తిరిగి ఇస్తారు. డబ్బు మాట రాదు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్లను విత్తనాలతో అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర వీళ్లదే. 2019లో ఐక్యరాజ్యసమితి వీళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది మహారాష్ట్రలో కూరగాయల నాటు విత్తనాలు కూడబెట్టిన గిరిజన మహిళ రాహీబాయి పోపెరెకు పద్మశ్రీ వచ్చింది. బిరుదులూ బహుమతులూ బాగానే ఉన్నాయి. వాటిని చప్పట్లు కొట్టి మెచ్చుకున్న నగరాల్లో ఒక్క కాలనీకైనా అలాంటి విత్తన బుట్ట ఉందా?

పెట్టడం కష్టం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పుడు దళారీ లేకుండా రైతూ కొనేవాళ్లూ ఎదురెదురుగా నిలబడటమే ఒక వింత. అదే ఆవరణలో ఒక బల్ల, దాని మీద పేర్లు రాసిన సీసాలు, ఒక రిజిస్టరు పెడితే చాలు: రెండు చెంచాల గింజలు తీసుకున్నవాళ్లు పంట తర్వాత నాలుగు చెంచాలు తెచ్చివ్వాలి. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే శాఖా గ్రంథాలయాలకు ఈ పద్ధతి కొత్త కాదు, వాళ్లయినా చేయవచ్చు. మధ్యాహ్న భోజనానికి పెరట్లో ఆకుకూరలు పెంచే బడులు ఒక్కో మడిని గింజకు వదిలితే పిల్లలకు వృక్షశాస్త్రం పాఠం కూడా అయిపోతుంది. మిద్దెతోటలకు రాయితీ మీద సామగ్రి ఇచ్చే ఉద్యాన శాఖలు హైబ్రిడ్ పొట్లాలతో పాటు ఒక్క నాటు రకమైనా, దాన్నుంచి గింజ తీసే పద్ధతి ఒక పేజీలో అచ్చువేసి అయినా ఇవ్వాలి. ఖర్చు కాగితం ఖర్చే.

రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు స్పందించేదాకా ఆగాల్సిన పని పాఠకులకు లేదు. వచ్చే దసరా, దీపావళి మధ్య కొత్తిమీర చల్లండి. కొన్నది అయినా ఫర్వాలేదు, మొదటిసారికి. ఆలస్యంగా పూతకొచ్చిన మొక్కలకు దారం కట్టి వదిలేయండి, ఫిబ్రవరిలో గింజ దులపండి, మూడో వంతు పక్కింటికి ఇవ్వండి. పుదీనా అడిగితే మాత్రం గింజ ఇవ్వకండి, కొమ్మ విరిచి ఇవ్వండి.